హ్రుస్కా కార్డు మీద సిరా

ఆ సంతకం డెల్ హ్రుస్కాది కాదు. అతని పెళ్ళాం పెట్టింది. ఇందులో అనుమానం లేదు.

కార్డు నా భార్య అర్లీస్‌ది. రిటైరైన బేస్‌బాల్ ఆటగాళ్ళ సంతకాలు పోస్టులో తెప్పించుకోవడం ఆమె పిచ్చి. ఆటగాడి బొమ్మ ఉన్న కార్డు, చిన్న ఉత్తరం, తిరిగి పంపడానికి మా చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు. చాలామంది సంతకం చేసి పంపేవాళ్ళు. చిన్నప్పుడు రేడియోలో ఆటలు విన్న జట్టుకి ఆల్బంలో ఒక పేజీ కేటాయించింది. అందులో ఒక్క అర ఖాళీ. అది హ్రుస్కాది, ఎడమచేత్తో బంతి విసిరే పిచర్. అతనికి రాసింది. ఎదురుచూసింది. పోయింది.

ఆమెని పూడ్చాక, మొక్కజొన్న కోతలప్పుడు, కవరు వచ్చింది. పైన మా ఇద్దరి పేర్లు, అర్లీస్ చేతిరాతలో. పోస్టు డబ్బా దగ్గరే కాసేపు నిలబడ్డాను.

లోపల సంతకం శుభ్రంగా ఉంది. అక్కడే తేడా కొట్టింది.

ఎడమచేత్తో రాసేవాళ్ళ అరచెయ్యి తడి సిరా మీదుగా పోతుంది. పల్లె బడిలో నా పక్కన కూర్చున్న లాయిడ్ కాగితాలన్నీ అలుక్కుపోయి ఉండేవి. టీచరు వాడి వేళ్ళ మీద కొట్టేది. ఆల్బంలో ఎడమచేతి పిచర్ల సంతకాలన్నిటికీ ఆ మసక ఉంది. దీనికి లేదు. పైగా చివర ఓ ముద్దు మెలిక, ఆడవాళ్ళ రాతలా.

కాఫీ హోటల్లో లాయిడ్‌కి చూపించాను.

"మంచి పెన్ను అయ్యుంటుందిరా వర్జిల్. పెట్టగానే ఆరిపోయే రకం."

అలాంటి పెన్నూ ఇంకో కార్డూ వాడి ముందు పెట్టాను. "నువ్వు రాయి, చూద్దాం."

రాశాడు. అలుక్కుపోయింది.

"సరే, అతని పెళ్ళామే పెట్టింది. అయితే ఏంటి, పోలీసుల్ని పిలుస్తావా?"

"వెళ్ళి అడుగుతా."

"అర్లీస్ ఉంటే నిన్ను కారు తాళాలు ముట్టుకోనిచ్చేది కాదు."

"అర్లీస్ లేదు," అన్నాను. వాడు కాఫీ తాగాడు.

మిస్సోరీలో హ్రుస్కా ఇంటి దాకా కారు నడిపాను. దోమతెర తలుపు వెనక హ్రుస్కా భార్య నిలబడింది. పేరు మావిస్.

"మేం ఏమీ కొనం."

"అమ్మడానికి రాలేదు." కార్డు తెర దగ్గర పెట్టాను. "ఇది మీ ఆయన సంతకమేనా?"

కార్డు చూడలేదు. నా బూట్లు చూసింది. "సంతకాలు అమ్ముకునే బాపతా మీరు?"

"రైతుని. ఇది నా భార్యది. ఆమె పోయింది. ఆయన నా కళ్ళముందు ఇంకో కార్డు మీద సంతకం పెడితే వెళ్ళిపోతాను."

గొళ్ళెం తీసింది. నమ్మి కాదు.

హ్రుస్కా కుర్చీలో ఉన్నాడు. టీవీలో ఆట నడుస్తోంది, శబ్దం లేదు. అదే బొమ్మ ఉన్న కొత్త కార్డు చేతికిచ్చాను. ఎడమచేత్తోనే తీసుకున్నాడు.

"ఎవరీ కుర్రాడు?"

"నువ్వే చెప్పవయ్యా," అంది మావిస్.

చాలాసేపు చూశాడు. "ఎడమచేతి వాటం. విసిరేటప్పుడు మోచెయ్యి దించేస్తున్నాడు. ఎవరైనా చెప్పండి వీడికి. ఇలాగైతే ఎక్కువ రోజులు ఆడడు."

పెన్ను ఇచ్చాను. చొక్కా జేబులో పెట్టుకుని మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

మావిస్ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అభిమానుల ఉత్తరం చదివి వినిపిస్తే ఆ పూట సరిగ్గా తింటాడు. ఎవరి గురించి రాశారో తెలీదు, అయినా తింటాడు. తర్వాత నేను సంతకం పెట్టి పంపుతాను."

"దాన్ని దొంగ సంతకం అంటారమ్మా."

"మీ ఇంట్లో క్రిస్మస్ కార్డులు ఎవరు రాసేవాళ్ళండీ?"

"అర్లీస్."

"కింద మీ పేరు?"

కార్డుని చేతిలో అటూ ఇటూ తిప్పాను.

"అదీ ఆవిడే కదా. మీ చుట్టాలెవరైనా దొంగ సంతకమని తిప్పి పంపారా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

కిటికీలోంచి నా కారు కనిపిస్తోంది. దాన్ని చూశాను.

"మీకు వద్దనుకుంటే ఆ కార్డు ఇటివ్వండి, చింపేస్తాను," అని చెయ్యి చాపింది.

"ఇవ్వను."

పెన్ను అతని జేబులోనే వదిలేసి వచ్చాను.

కార్డు ఖాళీ అరలో పెట్టాను. డిసెంబరులో చుట్టాల దగ్గర్నుంచి క్రిస్మస్ కార్డులు వచ్చాయి. మా ఇంటి నుంచి ఒక్కటీ వెళ్ళలేదు.

"తేలిందా?" అనడిగాడు లాయిడ్, కాఫీ హోటల్లో.

"తేలింది. ఆవిడే పెట్టింది."

"మరి కార్డేదీ?"

"ఆల్బంలో ఉంది."

"దొంగదైతే ఆల్బంలో ఎందుకురా?"

లేచి వచ్చేశాను. లాయిడ్ మళ్ళీ అడగలేదు. మీరూ అడగొద్దు. దీని గురించి ఇక మాట్లాడను.