ఎదురుకాళ్ల పగిడయ్య

పగిడయ్య ఎదురుకాళ్లతో, అంటే తలకు బదులు కాళ్లు ముందొచ్చి పుట్టినవాడు. అట్లాంటివాళ్లు తొక్కితే నడుంనొప్పి పోతుందని చుట్టుపక్కల గూడేల నమ్మకం. పోయిన నెల భార్య జంపక్క వీపు పట్టేసిందంటే, బోర్లా పడుకోబెట్టి ఆమెనూ మూడుసార్లు తొక్కాడు. రెండేళ్ల కింద రొమ్ములో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయిన మనిషని అప్పుడు తోచలేదు.

వారానికే ఆమె కాళ్లు మొద్దుబారాయి. క్యాన్సర్ వెన్నుపూసలకు పాకి నరాలను నొక్కుతోందని ఖమ్మం దవాఖానాలో తేలింది. రోజూ కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నారు. నడక వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. వీపు ఎవరైనా నొక్కారా అని డాక్టరమ్మ అడిగిననాడు పగిడయ్య సీసా పట్టుకుని నీళ్లకు పోయాడు. నాలుగు రోజులు ఆ మాట దాచాడు.

ఐదోరోజు కరెంటు గదిలోకి తీసుకుపోయే ముందు, నర్సమ్మ ఎవరూ అడగకుండానే జంపక్క మోకాళ్ల కింద దుప్పటి మడిచి పెట్టింది. అది చూసి అతను ఆగలేక, పక్కనే ఉన్న డాక్టరమ్మ వైపు తిరిగాడు.

“నేనే తొక్కిన, మేడం. నా వల్లనే గిట్లయిందా?”

డాక్టరమ్మ కోప్పడలేదు. “జబ్బు అంతకుముందే ఎముకలో ఉంది. తొక్కడం వల్ల ఎంత చెడిందో చెప్పలేను. ఇక ఎవరినీ తొక్కకు.”

“నువ్వు తొక్కకముందే ఎడమకాలు తిమ్మిరెక్కింది,” అంది జంపక్క, పైకప్పు చూస్తూ. “చెప్తే అడవికి ఇప్పపూలు ఏర పోనియ్యవని చెప్పలే. నీ కాలికంత బలమెక్కడిదయ్యా?”

నిజమో, తన కోసం అన్నదో అతనికి తెలియలేదు. రోజూ చేసినట్టే ఆమె బొటనవేలు మెల్లగా గిల్లాడు. వెల్లకిలా ఉన్న ఆమెకు పాదాలు కనబడవు. ఇన్నాళ్లూ గిల్లినా తెలిసేది కాదు.

“తొక్కింది చాలలేదా,” అంది జంపక్క, “ఇప్పుడు గిల్లుతున్నవు?”