విశాఖ నుంచి హైదరాబాదుకు గంటా పావు

నేను ఒక ఐస్ పెట్టెను. నీలం ఒళ్లు, తెల్ల మూత, మోయడానికో పిడి. నాతోపాటు అదే అచ్చులోంచి ఊడిపడిన వాళ్లలో కొందరు చేపలు మోశారు, కొందరు పెళ్లిళ్లలో కూల్‌డ్రింకులు మోశారు. నన్ను హైదరాబాదులో ఒక ఆసుపత్రి కొని సుభాషిణి చేతికిచ్చింది. చనిపోయినవారి అవయవాలను, వాటి కోసం ఎదురుచూసే రోగులకు అందేలా చూడటం ఆమె ఉద్యోగం.

విశాఖ నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు, పన్నెండు గంటలు. విమానంలో గంటా పావు. ఒంట్లోంచి తీసిన గుండె మంచులో నాలుగు గంటలకు మించి ఆగదు. సుభాషిణికి తెలిసిన లెక్కలన్నీ ఇంతే.

ఆ శ్రావణమాసపు ఉదయం మేం విశాఖలో ఉన్నాం. గాజువాక ఆటో డ్రైవరు అప్పలకొండ రెండు రోజుల కిందట మోటారు సైకిలు మీంచి పడ్డాడు. మెదడు చచ్చిపోయిందనీ, ఇక లేవడనీ డాక్టర్లు తేల్చారు. అవయవాలిస్తానని భార్య నూకరత్నం సంతకం పెట్టింది. ఏడూ యాభైకి అతని గుండె నాలోకి వచ్చింది. గుమ్మం దగ్గర ఆవిడ నా మూత మీద చెయ్యి వేసి, తీయలేదు.

"ఆయనకి సలంటే పడదమ్మా" అంది.

సుభాషిణి ఆవిడ చెయ్యి పట్టుకుని, వదిలి, పరుగెత్తింది.

విమానంలో నాకూ సీటిచ్చి బెల్టు కట్టారు. ఎనిమిదీ నలభైకి ఎగరాల్సింది, వాన పట్టుకుని ఎదర రన్‌వే కనబడలేదు. వెనక వరుసలో ఒక పెద్దాయన మేనకోడలి పెళ్లి ముహూర్తం దాటిపోతుందని విసుక్కుంటున్నాడు. హైదరాబాదు నుంచి డాక్టర్ యాదగిరి ఫోను చేశాడు. అక్కడ ఈ గుండె కోసం ఆపరేషన్ బల్ల మీద ఒక పంతులమ్మ మత్తులో ఉంది. ఛాతీ తెరవమంటావా అని ఆయన ప్రశ్న. తెరిచాక గుండె చేరకపోతే ఆమె బతకదు. చేరేదాకా తెరవకుండా కూర్చుంటే గుండె పాడైపోతుంది.

"పది నిమిషాలు ఆగండి సార్" అంది సుభాషిణి.

ఆ పది నిమిషాలూ ఆమె చెయ్యి నా పిడిని నొక్కుతూనే ఉంది. తొమ్మిదీ ఇరవై అయిదుకి వాన పలచబడింది. పైలట్ స్వయంగా వచ్చి, బయలుదేరుతున్నామని చెప్పాడు.

"మొదలుపెట్టండి సార్" అని ఫోను కట్టేసింది. ఆ తరువాత కబురు అందే దారి లేదు. మబ్బుల పైన అంతా ఎండే. సుభాషిణి ఒక్కసారి కూడా కిటికీలోంచి చూడలేదు.

విమానం నేలను తాకగానే లేచి నిలబడి సంచులు లాక్కోవడం మనుషుల అలవాటు. సంగతి చెప్పి, మమ్మల్ని ముందు దిగనివ్వమని పైలట్ మైకులో అడిగాడు. ఒక్కరూ లేవలేదు. పెళ్లి పెద్దాయన మాత్రం కూర్చున్నచోటే చేతులు జోడించాడు.

మా అంబులెన్సుకు ఊరంతా దారి వదిలింది. పదకొండూ ఇరవైకి యాదగిరి నా మూత తీశాడు. గంటన్నర తరువాత నర్సు బయటికి వచ్చి, కొట్టుకుంటోందని చెప్పింది.

ఖాళీ అయిన నన్ను పక్కన పెట్టుకుని సుభాషిణి వరండాలో కూర్చుంది. ఎవరికి అమర్చారో చెప్పకూడదని నిబంధన. అయినా నూకరత్నానికి ఫోను చేసింది. చేరాం అని మాత్రమే చెప్పగలిగింది.

"పొద్దుట్నుంచి నువ్వేటీ తిన్నేదు గావాల" అంది నూకరత్నం. "పోయి బువ్వ తిను, తల్లీ."