చెదలకు విందు

సిబ్దుకు భూమి ఇచ్చారంటే ఇచ్చారు, అంతే. భర్త పోయాక అత్తింటివాళ్ళు పంచిపెట్టిన వాటా అది. ఊరికి ఉత్తరాన, బట్టతలలా బోడిగా ఉన్న బట్టనేలలో ఓ ముక్క. గడ్డిపోచ మొలవదు, వాన పడితే నీళ్ళు రేకు మీంచి జారినట్టు జారిపోతాయి. దానికి తోడు ఊరి భూములు ఎవరికివ్వాలో తేల్చే నేలపెద్ద ఒక మెలిక పెట్టాడు: వచ్చే కోతల నాటికి అక్కడ జొన్న నిలబడకపోతే ఆ నేల ఇటుకలు చేసేవాళ్ళకు పోతుంది. సిబ్దు పెద్దబావ ఇంట్లో చేరి, వాళ్ళు పెట్టింది తిని ఓ మూల పడుండాలి.

సిబ్దు మోసీ జాతి మనిషి. రోడ్డు పక్కన సైకిళ్ళు బాగుచేసే టోయే సామో. ఈ రెండు జాతులకూ తాతలనాటి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిడితే నవ్వాలి, అలిగినవాళ్ళకు పరువుండదు. సామో నోటి మాటను నిజమని పట్టుకోవడం మోసీలెవరూ చెయ్యని పొరపాటు. ఆ పొరపాటు సిబ్దు చేసింది.

ఆ రోజు ఆమె పంక్చరైన టైరు పట్టుకుని, మొహం వేలాడేసుకుని వచ్చింది.

“ఏమే గాడిదతల, ఎవరు పోయారు?” అన్నాడు టోయే.

“నీ తాత. కుక్క ఎముక గొంతులో అడ్డంపడి పోయాడు.” జవాబైతే ఇచ్చింది గానీ, వెంటనే నీరుగారిపోయింది. “తేమ నిలుస్తుందని నేలమీద చొప్ప పరిచానురా. చెదలు మొత్తం తినేశాయి. బూడిద చల్లాను, మరిగే నీళ్ళు పోశాను. చావవు.”

“ఇంటికొచ్చిన చుట్టాల్ని తరుముతావా? కడుపునిండా పెట్టి, ఇంకా నలుగుర్ని పిలవాలి గానీ! మీ మోసీల పారలకంటే వాటి పళ్ళే నయం. అవే దున్నిపెడతాయి పో.”

సైకిళ్ళ కోసం కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. సిబ్దు నవ్వలేదు.

“కోడిపిల్లల మేత కోసం పేడ నింపిన కుండ బోర్లిస్తాం గదా, చెదలు పట్టడానికి,” అంది నెమ్మదిగా. “ఆ కుండ లేపితే కింద నేల ఎలా ఉంటుందిరా?”

“నాకేం తెలుసు? కోడినడుగు.”

“మెత్తగా ఉంటుంది,” అంటూ టైరు అక్కడే మరిచిపోయి వెళ్ళిపోయింది.

పొలం వైపు ఎవరూ కన్నెత్తి చూడని మండుటెండల్లో సిబ్దు గుంతలు తవ్వడం మొదలుపెట్టింది. గుంతకింత పేడ, ఇంత ఎండాకు. ఊరంతా చెదల్ని తరుముతుంటే ఆమె మేపుతోంది! దుఃఖంతో మతి పోయిందన్నారు. ఆ మాట టోయే చెవిన పడింది. తను సరదాకన్న మాటకు ఆ మనిషి చేతులు బొబ్బలెక్కించుకుంటోంది. ఉన్న కాస్త నేలా పోతే ఆ పాపం ఎవరిది?

ఆగలేక టైరు భుజాన తగిలించుకుని పొలానికి వెళ్ళాడు. “నేలపెద్దను నేనడుగుతానే. ఆయనా మోసీయే, సామో చెయ్యి చాపితే మోసీ కాదనకూడదు గదా. గడువు పెంచుతాడు.”

“నువ్వడిగితే గడువు పెరుగుతుంది, జొన్న పెరుగుతుందా?” అని అతని చెయ్యి పట్టుకుని ఓ గుంతలో పెట్టింది. చెయ్యి మణికట్టు దాకా దిగిపోయింది. రాయిలాంటి నేలను చెదలు లోపల్లోపలే తొలిచి గుల్ల చేశాయి. టోయే పక్క గుంతలోనూ చెయ్యి పెట్టి చూశాడు. చెదల్ని మేపమన్న మాట తనదే, కానీ దాన్ని తిరగేసి అందులో పనికొచ్చేది చూసిన బుర్ర ఆమెది. తనైతే నూరేళ్ళు బతికినా ఆ కుండ కింద చెయ్యి పెట్టి చూసేవాడు కాదు.

తొలివాన కురిసింది. చుట్టుపక్కల నేలమీద నీళ్ళు పరుగెత్తిపోయాయి. సిబ్దు గుంతల్లో మాత్రం బుడగలు లేస్తూ ఇంకిపోయాయి. ఆ తడిలో ఆమె విత్తనాలు వేసింది. గుంతగుంతకూ జొన్న లేచింది, మనిషిని మించి ఎదిగింది.

కోతల నాడు నేలపెద్ద వచ్చాడు, వెనకాలే ఊరు. ఆయన ఓ కంకి విరిచి, గింజలు నలిపి నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

“ఈ నేల నీదేనమ్మా,” అన్నాడు. “దీంతో పాటు వాగు పక్కన మెత్తని పొలం ముక్క కూడా ఇస్తున్నాను. కష్టపడ్డావు, ఇకనైనా సుఖంగా చేసుకో.”

సిబ్దు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచింది. “మీ దయ బాబూ. వాగు పక్కది వద్దు. ఈ బట్టనేల మిగతాదంతా ఇప్పించండి.”

“చచ్చిన నేల ఎందుకమ్మా?”

“నాలా భర్త పోయి, బావల ఇళ్ళల్లో ఓ మూల పడున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాగు పక్కదైతే నా ఒక్కదానికే సరిపోతుంది.”

వెనక నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరో వెక్కి ఏడ్చారు. నేలపెద్ద సరేనన్నట్టు తల ఊపాడు. అందరూ నవ్వడానికి సిద్ధపడి టోయే వైపు తిరిగారు. ఇలాంటప్పుడు సామో ఓ మంచి తిట్టు తిట్టాలి. టోయే సిబ్దు పక్కకొచ్చి నిలబడ్డాడు.

“నా దగ్గర గునపం ఉంది,” అన్నాడు. “ఎక్కడ తవ్వాలో చెప్పు.”