చేదు చూసే నాలుకలు

“నోర్లు తెరువుండ్రి!”

పొద్దుగూకితే చాలు, షెడ్డు గడపలో నిలబడి కంట్రాక్టర్ కైలాసం అనే మాట ఇదే. ముప్పై మంది ఆడకూలీలు వరసగా నోరు తెరవాలి. సంతలో ఎడ్ల పండ్లు చూసినట్టు చూస్తాడు, నాలుక కింద పొడి దాచారేమోనని. పారేసిన మందులు ఏరుకొచ్చి బతికే ఆ మహానుభావుడికి లోకమంతా దొంగలే.

నస్పూర్ పక్కన రేకుల షెడ్డు అది. చెమ్మెక్కి, పనికిరావని దవాఖానలు పారేసిన చలిజ్వరం గోలీలు బస్తాలకొద్దీ వచ్చేవి. ఆడవాళ్లు వాటిని దంచి, తేజాబు, అంటే ఆసిడ్, కలిపిన నీళ్లలో కరిగించి, గుడ్డతో వడగట్టి, సున్నపు తేట పోసేవారు. తెల్లటి మందు అడుక్కు దిగేది. అంతా దిగిందో లేదో చెప్పేది వాళ్ల నాలుకే. పైనీళ్లలో చేదు పోతే పని అయినట్టు. ఆ చేదుకు ఇంట్లో అన్నం కూడా రుచించేది కాదు.

ఐలవ్వ మొగుడు అంతయ్య బొగ్గుబాయి కూలీ. వారం నుంచి చలిజ్వరంతో వణుకుతున్నాడు. దవాఖానలో మందు లేదన్నారు. ఆ సాయంత్రం నోరు తెరిచిన ఐలవ్వ మూయకుండానే అడిగింది.

“సేటూ, జరంత పొడి ఇయ్యి. మా ఆయన పానం మీదికొచ్చింది.”

“పట్నంల సీసాలకెక్కినంక కొనుక్కో పో!” అని నవ్వాడు కైలాసం.

మర్నాడు పొద్దున్నే తొట్టి చుట్టూ గుసగుసలు.

“నాకేది మనం, అమ్ముకునేది వాడు,” అంది లస్మవ్వ.

పోశవ్వ భయపడింది. “పని పోతే పొయ్యిల ఏం పెడ్తం అక్కా?”

“రేపు నీ బిడ్డకు జరమొస్తే వాని కాళ్లు నాకుతవా?”

“థూ! తొట్టి నాకింది సాలదా, కాళ్లు కూడనా?”

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మాట కుదిరింది.

మధ్యాహ్నం తొట్టి నిండింది. “చేదు చూడుండ్రి!” అన్నాడు కైలాసం. ఒక్క నోరూ తెరుచుకోలేదు.

“నువ్వే చూడు సేటూ. సొమ్ము నీదే గదా,” అంది ఐలవ్వ.

కైలాసం పౌరుషానికి వేలు ముంచి నాకాడు. మొహం వంకర తిరిగింది, కక్కినంత పని అయింది. మూడేళ్లు అమ్ముకున్న సరుకు రుచి అతనికి అప్పుడే తెలిసింది.

“సున్నం ఇంకెంత పొయ్యాలె?” అని ఉమ్ముతూ అడిగాడు. ఆడవాళ్లు తొట్టి పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నారు.

కైలాసం కబురంపితే పోలీసు జీపు వచ్చింది.

“ఏం దొంగతనం చేసిండ్రు?” జమేదారు అడిగాడు.

“చేదు చూస్తలేరు సార్!”

జమేదారుకు నవ్వాలో, లాఠీ తీయాలో తోచలేదు. అంతలో ఐలవ్వ ఆరబెట్టిన గుడ్డ దగ్గరికి వెళ్లి, అందరూ చూస్తుండగా మందు పొడి తీసి లస్మవ్వ కొంగున ముడేసింది. లస్మవ్వ అంతయ్య ఉన్న బస్తీ దారి పట్టింది.

“దొంగది! పట్టుకోండ్రి!” కైలాసం అరిచాడు.

ఐలవ్వ చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని జీపు ముందు నిలబడింది. వెనక పోశవ్వ వేసుకుంది. ఆ వెనక ఇంకొకామె. వరస షెడ్డు దాటి రోడ్డెక్కింది. అందరి నాలుకలూ తెల్లగా బయటికున్నాయి.

“చూసుకో సేటూ,” అంది పోశవ్వ, “నోర్లు తెరిచినం.”

జమేదారు జీపు వైపు తిరిగి చూశాడు. అందులో ఆరుగురికే చోటుంది.