బ్రిడ్జి కావలి

బ్రిడ్జి మనిషిని బలి అడిగిందని ఊళ్లో సోదె చెప్పే గుర్వమ్మ అందట. నడి కృష్ణలో స్తంభం లేపిన నాడే అడిగిందట. ఎవరూ ఇవ్వకపోయేసరికి దుర్గయ్యను తనే తీసుకుందట. బోరింగు కాడ మొదలైన ఆ మాట మధ్యాహ్నానికల్లా దుర్గయ్య పెండ్లాం సత్తమ్మ చెవిన పడింది. అప్పుడామె మొగుడి దినాలకు వచ్చినవాళ్లు తిని పోయిన బోకులు తోముతోంది.

ఇనుప బ్రిడ్జి పైదూలం మీద నట్లు బిగిస్తూ దుర్గయ్య జారి పడ్డాడు. హుజూర్‌నగర్ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. పడకుండా పట్టి ఉంచే సేఫ్టీ బెల్టు నడుముకు లేదు. బెల్టులు తెప్పిస్తానని కాంట్రాక్టరు చలికాలం నుంచీ చెబుతూనే ఉన్నాడు. దుర్గయ్య పడిన నాటి నుంచి కూలీలెవరూ పైకెక్కడం లేదు. పని ఆగింది.

అందుకే మేస్త్రీ మల్లేష్ బ్రిడ్జి మొదట్లో దుర్గయ్య పేరిట ఒక రాయి పాతించాడు. తొలి పసుపు ఆ ఇంటి ఆడమనిషి పూస్తే పోయినవాడు కావలి దేవుడైనట్టు. సత్తమ్మకూ, అత్త ఈదమ్మకూ ట్రాక్టరు పంపాడు. వాళ్లు దిగగానే పసుపు గిన్నె సత్తమ్మ చేతిలో పెట్టాడు.

"పుయ్యి చెల్లె. పోలీసోళ్లడిగితే మాకెవరి మీద అనుమానం లేదని చెప్పు, అయిపాయె."

"బెల్టియ్యలేదని గూడ చెప్త."

"దేవుని కాడ గా ముచ్చటెందుకు?"

ఈదమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు దేవుడైతుండు సత్తీ. ఊరంత మొక్కుతది. నువ్వు గిట్ల మొండికేస్తే ఉత్తగ పడి సచ్చినోడే అయితడు."

సత్తమ్మ పసుపులో వేలు ముంచలేదు. ఈదమ్మే పసుపు గిన్నె లాక్కుంది. పసివాడికి నలుగు పెట్టినట్టు, ఏడుస్తూ, రాయికంతా పూసింది. కూలీలు చెప్పులు విడిచి దండాలు పెట్టారు. దుర్గయ్య తమ్ముడు విజేందర్ అందరికంటే ముందు మొక్కి, పానా నడుముకు దోపుకొని నిచ్చెన వైపు నడిచాడు.

"విజేందరూ, బెల్టేదిరా?" సత్తమ్మ అరిచింది.

"అన్న ఉన్నడు గద వదినె," అంటూ రాయి వైపు చూపాడు.

మల్లేష్ నవ్వాడు. ఇంజనీరు వస్తే ఫొటోకు కావాలని, సైటులో ఉన్న ఒక్క బెల్టూ అతని నడుముకే ఉంటుంది. "ఫికర్ చెయ్యకు చెల్లె. నీ పెనిమిటే కాస్తడు."

"అయితే నీ బెల్టిప్పి గా పోరనికి కట్టు. ఉత్త నడుముతోని నువ్వెక్కు, నిన్ను కాస్తడు నా పెనిమిటి."

మల్లేష్ బెల్టు విప్పలేదు. విజేందర్ రెండో మెట్టు ఎక్కాడు.