చెమ్మ రాడ్లు

వర్క్‌షాపులో మేస్త్రిని అందరూ స్తోత్రం అనేవాళ్లు. టీ బాగుంటే స్తోత్రం, కరెంటు పోతే స్తోత్రం, ఆయన నోట ఇంకో మాట రాదు. చర్చి సంఘంలో పెద్ద. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆయన రాకుండా మొదలయ్యేది కాదు. తంటా అంతా ఆ ప్రార్థన దగ్గరే వచ్చింది.

ఆ శుక్రవారం నీళ్ల ట్యాంకు నిచ్చెన అయిపోవాలి. మేస్త్రి, ఆయన బావమరిది చెరో పక్క కూర్చుని మెట్లు అతుకుతున్నారు. చివర్లో మేస్త్రి దగ్గర వెల్డింగు రాడ్లు అయిపోయాయి. మిగిలిన కట్ట వానకు తడిసి చెమ్మ పట్టింది. అలాంటివాటిని ఓవెన్లో ఆరబెట్టి గానీ వాడకూడదు. వాడితే అతుకులో సూది బెజ్జాలు పడతాయి, పైకి కనపడవు. ఆరబెడుతూ కూర్చుంటే ప్రార్థనకు ఆలస్యం. మేస్త్రి అలాగే వాడేశాడు. గ్రైండింగు పట్టి, రంగు పూసి, పరుగున పోయి దేవుడి ముందు మోకరించాడు.

నిచ్చెన బిగించాక ఒక మెట్టు ఊడింది. దాని మీదున్న పెయింటరు పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఊడిన చోట పురుగు తొలిచినట్టు బెజ్జాలు. చూడగానే మేస్త్రికి తెలిసిపోయింది. రంగు పూసి నిలబెట్టిన నిచ్చెనకు ఏ పక్క ఎవరిదో ఇంకెవరికి తెలుస్తుంది?

"ఎవడి పనయ్యా ఇది?" అని ఓనరు గొంతు చించుకున్నాడు.

"మావాడిదే," అన్నాడు మేస్త్రి.

అంతే. బావమరిది పని పోయింది. అంతకన్నా ఘోరం, వాడు నమ్మాడు. బావ అన్నాడంటే నిజమే అయ్యుంటుందనుకున్నాడు. వాడి మారుమనస్సు కోసం సంఘమంతా ప్రార్థించింది. ఆ ప్రార్థన నడిపించింది ఎవరు? మేస్త్రే!

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే వేళ బావమరిది లేచాడు. ఎప్పుడూ వెనక బెంచీలో కునుకు తీసే మనిషి.

"నాకు మాట్లాడ్డం రాదు. నావల్ల ఒక మనిషి మంచాన పడ్డాడు. ఇంక జన్మలో రాడ్డు పట్టను. వెళ్లి ఆయన కాళ్ల మీద పడతాను. నాకోసం ప్రార్థన చెయ్యండి."

లేని పాపాన్ని వాడు ఒప్పుకుంటున్నాడు. ఉన్న పాపం ముందు బెంచీలో ఇస్త్రీ చొక్కాతో కూర్చుంది. మేస్త్రి లేచాడు.

"కూర్చోరా. అది నీది కాదు."

"అదేంటి బావా?"

"చెమ్మ రాడ్లు వాడింది నేను. బెజ్జాలు చూసినప్పుడే తెలుసు. తెలిసే నీమీదికి తోశాను."

వెలుగులోకి రావడమంటే హాయిగా ఉంటుందని ఇన్నాళ్లూ పాడాడు. ఇప్పుడు నలుగురిలో బట్టలూడదీసి నిలబెట్టినట్టుంది.

మేస్త్రి భార్య తల తిప్పి మొగుణ్ణి చూసింది. "మా తమ్ముడు పక్కనే కూర్చుని తింటుంటే నీకు ముద్ద ఎలా దిగిందయ్యా?"

పాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ప్రభువు క్షమించాడు, కూర్చోండి పెద్దాయనా. ఒక పాట పాడుకుందాం."

"పాటలొద్దు పాస్టరుగారూ. పాటలు పాడే ఇన్నాళ్లూ దాచాను."

ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరవకముందే మేస్త్రి బయటికి నడిచాడు. గేటు దగ్గర బావమరిది అందుకున్నాడు.

"నాకు నిద్ర పట్టేది కాదు బావా. గోడ అవతల నీ గురక మాత్రం బ్రహ్మాండంగా వినిపించేది."

"కొట్టరా."

"కొడితే నీకు హాయిగా ఉంటుంది. కొట్టను. ఓనరు సంగతి రేపు చూద్దాం. ముందు పెయింటరింటికి పద. నేను కిందే ఉంటాను. నువ్వే చెప్పు."

పెయింటరు ఉండేది మేడ మీద గదిలో. మేస్త్రి ఒక్కడే మెట్లెక్కాడు. గంటల తరబడి ప్రార్థన చేసే నోటికి ఒక్క మాటే దొరికింది: ప్రభువా, నన్ను వెనక్కి పోనీయకు.

తలుపు కొట్టాడు. లోపల మంచం కిర్రుమంది.

"ఎవరూ?"

"నిన్ను పడేసినవాణ్ణి," అన్నాడు మేస్త్రి. "ఇంట్లోవాళ్లను తలుపు తియ్యమను."