నీళ్లు పోసిన చేతులు

మరదలి బొమ్మలు చూడటానికి షార్షెన్ నారిన్ కొండల నుంచి బిష్కెక్ నగరానికి దిగాడు. బురుల్ అతని చనిపోయిన భార్య జీపార్‌కు స్వయానా చెల్లెలు. శిల్పిగా పేరు తెచ్చుకుంది. ఆమె కోసం ఎండు పెరుగు ఉండలు సంచినిండా తెచ్చి చేతికిచ్చాడు.

ప్రదర్శన హాలు మధ్యలో తెల్లటి ఉన్ని డేరా. తలుపు కుట్టేశారు. చుట్టూ కంటి ఎత్తున చిల్లులు. మగవాళ్లు వరస కట్టి ఒంటికన్నుతో లోపలికి చూస్తున్నారు.

"తొందరగా కానివ్వవయ్యా, పెళ్లిచూపులకొచ్చావా?" అన్నాడు వెనకవాడు. అందరితో పాటు షార్షెన్ కూడా నవ్వాడు. తన వంతు రాగానే కన్ను ఆనించాడు.

లోపల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టిన, మట్టితో చేసిన ఆడమనిషి, ఒంటి మీద నూలుపోగు లేదు. ముందు పాదం కనబడింది. చిటికెనవేలు పక్కకు తిరిగి ఉంది. పెళ్లయిన ఏడాది గుర్రం తొక్కిన జీపార్ వేలు. చూపు ఆగలేదు, పైకి పాకింది. ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట కుట్ల గీత.

ఆ గీత అతను ఎన్నడూ చూడలేదు. ఆపరేషన్ తర్వాత జీపార్ చూడొద్దని మాట తీసుకుంది. అతను తప్పలేదు. ఆమె పోయిన రోజున ఆడవాళ్లు డేరాలో శవానికి నీళ్లు పోస్తుంటే, అందరు మగవాళ్లలాగే బయట కర్ర మీద వాలి, డేరాకు వీపు పెట్టి ఏడ్చాడు. నీళ్లు పోసినవాళ్లలో బురుల్ ఉంది. లోపల చూసింది బయట పెట్టకూడదు. పోయినవాళ్ల బట్టలు నీళ్లు పోసినవాళ్లకు పంచేది అందుకే. జీపార్ మఖమలు కోటు బురుల్ భుజాన కప్పింది అతనే.

ఇప్పుడు ఆ కోటులోనే అతిథులతో మాట్లాడుతోంది.

"అది మీ అక్క," అన్నాడు షార్షెన్ ఆమె దగ్గరికి వెళ్లి.

"అవును బావా. తొంగిచూసేవాళ్లకు సిగ్గు తెలియాలని చేశాను."

"దాచమని అడిగింది మీ అక్కే. కట్టుకున్నవాణ్ణి, నేనే చూడలేదు. ఇందాకటి దాకా."

బురుల్ కోటు అంచులు దగ్గరికి లాక్కుంది.

"కోటు విప్పు."

విప్పింది. అతను నడుము కత్తితో డేరా తలుపు కుట్లు కోసి, లోపలికి పోయి బొమ్మకు కోటు కప్పాడు. పాదాలకు చాలలేదు. తలమీది టోపీ తీసి ఆ వేలు మీద పెట్టాడు. చిల్లుల అవతల ఏమీ కనబడటం లేదని గొణుగుతున్నారు.

పెరుగు ఉండల సంచి వెనక్కి తీసుకుని బస్సెక్కాడు. దారంతా కళ్లు మూయలేదు. మూస్తే ఆ గీతే కనబడుతోంది.